పెరటి మెట్టు మీద కూర చేప

హలో… ఆ, నేనేలే అచ్చమ్మా. దాలయ్యని. నీ మొగుణ్ణి. ఈ దీవి దాటి వైజాగ్ వెళ్లేక నా గొంతు కూడా మర్చిపోయేవా ఏటి?

…

లేదు, ఇంకా ఇంటికి పోలేదు. జెట్టీ మీదే ఉన్నాను. చేపలు అమ్ముడైపోయేయి, అప్పలరాముడు మన డోంగీ పడవ కడుగుతున్నాడు. నన్ను పక్కకి పొమ్మన్నాడు, అచ్చమ్మ దీదీతో మాట్లాడుకో అని.

కనకదుర్గ ఫోన్ చేసింది నాకు. — చెప్పింది, అంతా చెప్పింది. ఆపరేషన్‌కి వెళ్లనని సిస్టరమ్మతో గొడవ పడ్డావంట. ఆస్పత్రి గౌను విప్పేసి చీర కట్టేసుకున్నావంట… మరి నీ చెల్లెలే కదా, నాకు చెప్పక ఇంకెవరికి చెప్తాది?

…

కడుపులో గడ్డ దానంతటది కరిగిపోద్దా? డాక్టర్ ఏమన్నాడు… తీసేస్తే అయిపోద్దన్నాడు కదే.

ఓహో. మత్తుమందుకా నీ భయం.

…

లేవకపోతేనా. — నువ్వు? కోడి కంటే ముందు లేచి, డోంగీ ఇంజిన్ కంటే గట్టిగా అరిచి నన్ను లేపుతావు. నువ్వు లేవకపోవడమా.

సరే, ఊరుకున్నాను. నవ్వనులే.

…

రాలేదంటే… టికెట్ దొరకలేదని తెలుసు కదా నీకు. వచ్చే షిప్‌కి దొరికింది. — తెలుసే. ఇవాళ ఉండాల్సింది. నాకూ తెలుసు.

తింటున్నాను. గోల్ ఘర్ హోటల్లో. రోటీ, దాల్… అవును, దాలే. చేపలు పట్టేవాడివి దాల్ తింటావేం భయ్యా అని ఆ హోటల్ వాడు కూడా అడిగేడు.

కూర చేపా? తీస్తున్నాను. వేలానికి ముందు ఇంటికని ఒకటి పక్కన పెట్టకుండా ఏనాడైనా ఉన్నానా…

అదే చెప్పబోతున్నాను. మధ్యలో అడ్డు రాకు.

రోజూ తెచ్చి పెరటి మెట్టు మీద పెడుతున్నాను. — ఎవరికంటే ఏం చెప్పను. చేప మెట్టు మీద పెట్టడం, కాళ్లు కడుక్కోడం, లోపలికెళ్లి పడుకోడం. ఎప్పుడూ అదే కదా. మెట్టు మీద పెట్టేక అది నీ చేప. ఏం చేసేవని నేనెప్పుడైనా అడిగేనా?

అరే, నువ్వు ఇంట్లో లేవని తెలీక కాదే. నిన్ను షిప్ ఎక్కించింది నేనేగా. నాకు తెలుసు. నా చేతికే ఎవరూ చెప్పలేదు.

…

లేచి చూస్తే మెట్టు ఖాళీ. నువ్వే తీసేసినట్టు. అనుమానం ఎలా వస్తాది? నిన్న పక్కింటి గౌతమి దీదీ వచ్చి అడిగింది. ఏటి దాలయ్యా, వీధిలో పిల్లులన్నిటికీ కోనెం చేపలు పెడుతున్నావు, లాటరీ గాని తగిలిందా అని.

కోనెమే. మంచి కోనెం. మొగుడికి పప్పు, పిల్లులకి కోనెం… ఒకటైతే గోడ ఎక్కలేక కూర్చుండిపోయింది.

నవ్వు, నవ్వు. కుట్లు పడకముందే నవ్వెయ్. తర్వాత నొప్పెడతాది.

…

ఉత్త అలవాటేనా అంటే… ఏమో. నిన్న ఆ మెట్టు మీదే కూర్చున్నాను చాలాసేపు. మన పెళ్లి రోజు గుర్తు తెచ్చుకుందామని చూసేను. రాలేదు. — కోపం దేనికి, ఉన్నమాట చెప్తున్నాను. మీ నాన్న అరుపులు గుర్తున్నాయి. నీ మొహం లేదు.

గుర్తొచ్చింది ఏటంటే… నువ్వు బొటనవేలితో చేప మొప్ప ఎత్తి చూస్తావు కదా. చూసి మూతి తిప్పుతావు. ఎంత మంచి చేప తెచ్చినా ఏదో ఒక వంక. నిన్నటిదా, ఐసులో పెట్టిందా అని. వంక పెట్టేక ఆ వేలు నా భుజం మీది తువ్వాలుకి తుడుస్తావు. నీ కొంగు ఉంటాది, అయినా నా తువ్వాలే.

ఎప్పుడూ అంతే. నువ్వు చూసుకోలేదు. నేనూ చూసుకోలేదనుకున్నాను.

…

తువ్వాలా? శుభ్రంగా ఉంది. అదే బాగోలేదు.

…

అచ్చమ్మా. ఉన్నావా?

ఆ ముక్కు దుప్పటికి తుడవకు. ఆస్పత్రి వాళ్లది.

ఇంకొకటి చెప్తాను. వల లాగేక అన్నిట్లోంచి ఒకటి ఏరతాను కదా. ఇన్నాళ్లూ నా కళ్లతోనే ఏరుతున్నాననుకున్నాను. కాదే. దీనికి నువ్వేం వంక పెడతావా అని తిప్పి తిప్పి చూస్తాను. ఇవాళ కూడా చూసేను. సముద్రం మధ్యలో నిలబడి, వైజాగ్‌లో మంచం మీదున్న మనిషికి భయపడుతున్నాను.

అప్పలరాముడికి ఈ బాధ లేదు. చేతికి ఏది తగిలితే అది తీస్తాడు. వాడి పెళ్లాం ఏమీ అనదు.

…

నాకా. ఉంది. భయం ఎందుకుండదు.

నువ్వు గాని… వద్దులే, ఆ మాట అనను. వంక పెట్టేవాళ్లు లేకపోతే నేను తెచ్చింది మంచి చేపని నాకెలా తెలుస్తాది? బస్, అంతే. అంతకంటే చెప్పడం నాకు రాదు.

…

ఎవరా గొంతు? సిస్టరమ్మా? డాక్టర్ వచ్చేసేడా…

నేను వెళ్లమననే. నువ్వే చూసుకో.

…

ఏటన్నావు ఆవిడతో? సరిగ్గా వినపడలేదు.

ఎటెళ్లాలి అని అడిగేవా.

…

ఠీక్ హై. వెళ్లు. గాజులు తీసి కనకానికియ్యి. — నేనా? నేనెక్కడికి పోతాను.

…

…

ఎవరు… కనకమా? తీసుకెళ్లిపోయేరా?

బండి మీదేనా… నడిచే వెళ్లిందా. బండి తెచ్చినవాడికి వంకలు పెట్టిందా? పెట్టుంటాదిలే.

వెళ్తూ ఏమంది?

…

ఫోన్ కట్ చెయ్యొద్దందా. ఎందుకంట?

…

లేవగానే ఇవాళ్టి చేప సంగతి అడుగుతాదా.

అయితే దాని తలగడ మీద పెట్టెయ్. ఛార్జర్ కూడా పెట్టు. లేదమ్మా, నువ్వేం మాట్లాడక్కర్లేదు. వార్డులో చప్పుళ్లు వినబడితే చాలు. నేనిక్కడే కూర్చుంటాను, అది వచ్చేదాకా.

ఆ… అక్కడే పెట్టెయ్.