పైవరస పళ్ళు

ఇంకో సంతకమా? ఎక్కడ పెట్టమంటారు సార్, నా నుదుటి మీదా? ఈ గ్రాంటు మొదలైన దగ్గర్నుంచీ సంతకాలు పెట్టీ పెట్టీ నా పేరంటే నాకే విసుగొచ్చింది!

కూర్చోండి. అయ్యో, ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇలా పెట్టెల మీద కూర్చోండి. మాకివే సోఫాలు.

అసలు మీ ఆఫీసువాళ్ళకి దణ్ణం పెట్టాలి. మా దానిమ్మలు పైదేశాల్లో అమ్ముకోడానికి సాయం చెయ్యండి బాబూ అంటే ఏమన్నారు? ముందు అక్కడ కొనేవాడి దగ్గర్నుంచి ఉత్తరం తెమ్మన్నారు. కొనేవాడే ఉంటే మీ గుమ్మం ఎందుకు తొక్కుతాం సార్? ఆ మాటే అడిగితే, ఆ సీట్లో ఆయన 'రూలమ్మా' అని కళ్ళజోడు తుడుచుకున్నాడు. రెండేళ్ళు తిప్పారు! నలభై ఇళ్ళవాళ్ళ సంఘానికి అధ్యక్షురాలివై ఏం బావుకున్నావని మా ఆయన రోజూ దెప్పేవాడు.

సరే, గ్రాంటు వచ్చింది. ఈ షెడ్డు వేశాం. పండు సైజు చూసే రింగులు కొన్నాం. సర్దడం నేర్చుకు రమ్మని షెడ్డులో పనిచేసే పొడుగమ్మాయిని శిక్షణకి పంపాం. చివరికి పైదేశంలో ఒకాయన మచ్చుకి యాభై పెట్టెలు పంపమన్నాడు, నచ్చితే ఏటా తీసుకుంటానన్నాడు.

తర్వాతేమైందో మీ ఫైల్లో ఉందిగా, ఫొటోలతో సహా! పైవరస ఒకలా, కిందివరస ఇంకోలా ఉన్నాయిట. మమ్మల్ని నమ్మడట. ఇక వద్దుట.

ఇప్పుడు మీకు మనిషి పేరు కావాలి. తప్పు పనివాళ్ళదైతే వాళ్ళని తీసేసి సరిదిద్దుకోవచ్చు, సంఘం పెద్దలదైతే గ్రాంటే రద్దు. అంతేగా? మావాళ్ళంతా రాసిచ్చేశారు, సర్దింది పొడుగమ్మాయేనని. ఇక నా సంతకమే మిగిలింది.

అదిగో, పంపు దగ్గరుందే, ఆ అమ్మాయే. పొద్దుట్నుంచీ కడిగిన బుట్టలే కడుగుతోంది. నా మీద అరిచినా బాగుండును!

పెన్ను బాగానే రాస్తుందండీ. నా చెయ్యే రావట్లేదు.

వినండి. ఆ పిల్ల అన్నీ ఒకే సైజువి పెట్టింది. ఒక్కో పండూ రింగులో దూర్చి చూసి మరీ పెట్టింది. అది ఇంటికెళ్ళాక, లారీ వచ్చేలోపు నేను మూత తీసి చూశాను. అన్నీ మధ్యరకం! కళే లేదు. పైదేశం వెళ్ళే సరుకు ఇలాగా ఉండేది అనిపించింది. మా తోటలోంచి పెద్దవి తెప్పించి పైన పేర్చాను. బరువు సరిపోవాలిగా, కింద మధ్యరకం తీసేసి చిన్నవి పెట్టాను. యాభై పెట్టెలూ ఈ చేతుల్తోనే!

మోసమనుకోలేదు సార్, ఒట్టు. మా అమ్మ నేర్పిన సర్దుడది. ముప్పై ఏళ్ళుగా మార్కెట్లో దళారి వస్తాడు, మూత తీస్తాడు, పైన చూస్తాడు, ధర చెప్పి పోతాడు. కిందికి చెయ్యి పెట్టిన పాపాన పోలేదు.

రాయండి, నా పేరే రాయండి. గ్రాంటు పోతే నలభై ఇళ్ళవాళ్ళూ నన్ను బతకనివ్వరు, తెలుసు. అయినా రాయండి.

ఆ కొనేవాడు పెట్టెలు తీసుకెళ్ళి బల్ల మీద బోర్లించాడట సార్! పళ్ళు కొనేవాడు ఎక్కడైనా అలా చేస్తాడా?