మామగారి పరీక్ష

రోక్‌ఫెర్ సంతలో అందరూ నమ్మే మాట ఒకటుంది: చీజు వర్తకుడు ఎవారిస్త్ ప్రతి గురువారం పొద్దున్నే సబ్బులమ్మే సొలాంజ్ నేలమాళిగలో దూరి తలుపేసుకుంటాడనీ, మొగుడు పోయిన ఆవిడకూ అతనికీ మధ్య ఏదో నడుస్తోందనీ. మూసిన తలుపు తప్ప ఆ మాటకు వేరే సాక్ష్యం లేదు. ఈ గురువారం సంత గంట ఇంకా మోగలేదు. రాతి స్తంభాల మండపం కింద ఎవారిస్త్ భార్య బెర్తిల్, తన బల్ల వదిలి సొలాంజ్ బల్ల ముందు నిలబడింది.

“చెప్పలేనంటే ఏంటే?”

“చెప్పలేనంటే చెప్పలేను, అక్కా. మాటిచ్చాను.”

“మాటిచ్చిందట! నా మొగుడికి! పదకొండు వారాలు, సొలాంజ్. వేళ్ల మీద లెక్కపెట్టా.”

“పన్నెండు.”

“సిగ్గు లేకపోతే సరి! ఆ తలుపెందుకు మూస్తారు?”

“ఎవరైనా చూస్తారని.”

“ఏం చూస్తారని?”

“సబ్బు తీసుకో, అక్కా. కొత్తగా చేశాను.”

“నీ సబ్బుల సంగతే అడుగుతున్నా. చొక్కా, జుట్టు, మీసం, అన్నీ లావెండర్ గుప్పుమంటుంటే ఇంటికొస్తాడు. దొంగతనానికెళ్లినవాడు చేతులైనా కడుక్కుంటాడు కదా! అలాగే వచ్చి నా ఎదురుగా కూర్చుంటాడు.”

“కడుక్కోవాలని ఆయనకెలా తెలుస్తుంది?”

“ఏంటీ?”

“ఏం లేదు.”

“సంచి నిండా చీజులు కూడా మోసుకొస్తాడుగా. కానుకలా?”

“ఒక్క ముక్క కూడా నాకు మిగల్చడు. అన్నీ తిరిగి పట్టుకెళ్తాడు.”

“మరెందుకు తెస్తాడు?”

“నేనూ చీజులు చేసే ఇంట్లోనే పుట్టాను, అక్కా. వాటి మంచీ చెడూ నాకూ తెలుసు. అంతకుమించి అడక్కు.”

“అడుగుతా! మొన్న ఆదివారం ఉల్లిపాయల సూపు అడుగంటింది. ఇల్లంతా మాడు వాసన. కమ్మగా ఉందన్నాడు! పంతొమ్మిదేళ్లలో నా వంటకి వంక పెట్టని రోజు లేదు. తప్పు చేసినవాడి నోటికే ఆ తీపి.”

“పాపం.”

“ఎవరే పాపం? నేనా?”

“ఇద్దరూ.”

“నీ జాలి నాకొద్దు. నా బల్ల కింద పెట్టె చూశావా? బట్టలు సర్దుకునే వచ్చా. గంట మోగేలోగా నిజం తేలకపోతే మా చెల్లెలింటికి పోతా. మళ్లీ రాను.”

“మీ నాన్న ఈయన్నే ఎందుకు అల్లుణ్ణి చేసుకున్నాడు?”

“ఊరందరికీ తెలిసిందేగా. నలుగురొచ్చారు. ఒక్కొక్కడి చేత కళ్లు మూయించి, చీజులో గుచ్చి తీసిన ఇనప గొట్టం ముక్కు దగ్గర పెట్టాడు. ఏ కొండ గడ్డి మేసిన పశువుదో, ఏ నెల పాలో చెప్పినవాడు ఈయనొక్కడే. ‘ఈ ముక్కుకే పిల్లనిస్తున్నా’ అన్నాడు నాన్న. అదిప్పుడెందుకు?”

“ఆ పరీక్ష మళ్లీ పెట్టు.”

“పిచ్చా నీకు?”

“నేను మాట తప్పను. నువ్వే చూసుకో. ఆ గొట్టం నీ చేతిలోనే ఉందిగా. ఇదిగో, అందులో ఇది కూరు.”

“ఇదా? ఇది...”

“ష్. వస్తున్నాడు.”

“బెర్తిల్! బల్ల వదిలేసి ఇక్కడేం... ఆ, సొలాంజ్. బాగున్నావా.”

“బాగానే ఉందిలే ఆవిడ. కళ్లు మూసుకో, ఎవారిస్త్.”

“ఇప్పుడా? గంట కొట్టబోతున్నారు.”

“మూసుకో. నాన్న పెట్టినట్టే. ఊఁ, పీల్చు. ఏ కొండ?”

“పై... పై కొండ.”

“ఏ నెల?”

“జూన్. లేత గడ్డి. కొంచెం అక్రోటు వాసన కూడా తగులుతోంది. మంచి సరుకు, ముందు వరసలో పెడదాం.”

“ఇంకోసారి పీల్చు.”

“పై కొండదే అంటున్నాగా! మీ నాన్నుంటే ఒప్పుకునేవాడు. బెర్తిల్, ఏడుస్తున్నావా?”

“చలికాలం నీకొచ్చిన ఆ జ్వరం... అప్పట్నుంచేనా?”

“ఏది అప్పట్నుంచి?”

“ఆవిడకి చెప్పుకున్నావు. నాకు చెప్పలేకపోయావు.”

“ఏం చెప్పలేదు? అర్థమయ్యేలా మాట్లాడు.”

“కళ్లు తెరువు. నీ ముక్కు కింద ఉన్నది లావెండర్ సబ్బు.”