వేలు ఆనితే చాలు

పెరట్లో తమ్ముడు గడ్డి కోసే మిషన్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. బావ పోయాక దాన్ని బయటికి తీయడం ఇదే మొదలు.

"అక్కా, బావ ఈ కేబుల్ ఎంత బిగించేశాడో చూడు! లీవర్ మీద వేలు ఆనితే చాలు, చక్రాలు లాక్కుపోతున్నాయి."

"ఆయనకి అన్నీ తొందరేగా."

"తొందర కాదక్కా. గట్టిగా నొక్కే బలం చేతికి లేకపోతేనే ఇలా బిగిస్తారు."

అక్క దగ్గరికొచ్చి, వంగి ఆ లీవర్‌ని చూసింది.

"సీసా మూత తీసిమ్మంటే, నీకు చేతుల్లేవా అని కసిరేవారురా. పొగరనుకుని పలకరించడమే మానేశాను."

"నాకూ చెప్పలేదక్కా... సరే, వదులు చేసేస్తాను. ఇలా ఉంటే నీకు ప్రమాదం."

"ఉండరా. ఈ ఒక్కసారికీ ఆయన బిగించినట్టే ఉండనీ. నేను కోసొచ్చాక వదులు చేద్దువుగాని."

ఆమె లీవర్ మీద ఒక్క వేలు ఆనించింది.