నమ్మని ఒప్పుకోలు

అన్నాబా ఊరి కోర్టు, మూడో అంతస్తులో కిటికీ సరిగ్గా మూసుకోని గది. బల్లకి ఇటువైపు వసీలా, అబద్ధాలు పట్టే చదువు చదివి కొత్తగా కోర్టు పనిలో చేరిన మనస్తత్వ నిపుణురాలు. అటువైపు మొక్దాద్, నలభై ఏళ్ళు కటింగ్ షాపు నడిపి ఈమధ్యే మూసేసిన ముసలాయన. నేరం చేశానని మొత్తుకుంటున్నది ఆయన, చెయ్యలేదని పట్టుబడుతున్నది ఆమె. ఏం కాలమో!

"నేనే చేశానంటుంటే వినవేం తల్లీ? రాసుకో. మొక్దాద్ అనేవాడు హాజీ బూజెమా ఇంట్లో దూరి, పాటలు పాడే మక్నీన్ పిట్టని..."

"పంజరాన్ని."

"ఆఁ?"

"పంజరాన్ని ఎత్తుకెళ్ళాడు. ఫిర్యాదులో పిట్ట లేదు బాబాయ్. పంజరమే ఉంది."

"పిట్ట లేకుండా ఉత్త పంజరం ఎత్తుకెళ్ళడానికి నాకేమన్నా పిచ్చా?"

"మక్నీన్‌ని ఇంట్లో పెంచడమే చట్టప్రకారం నేరం కదా. పిట్ట పోయిందని రాయిస్తే ముందు హాజీగారినే లోపలేస్తారు. అందుకని చెక్క పంజరం పోయిందని రాయించారు. మీరు కూడా పంజరమనే అనండి."

"సరే. ఆ పంజరం నాది. గుడ్డులోంచి బయటికొచ్చినప్పట్నుంచీ నేనే పెంచాను."

"బాబాయ్!"

"నువ్వేగా అనమన్నావు! మా ఆవిడ లువీజా డాబా మీద బట్టలారేస్తూ ఈల వేసేది. ఆ ఈల పాటే దానికి నేర్పింది. రెండేళ్ళ కిందట ఆవిడ పోయింది. నాకా, ఈల రాదు. ఆ పాట ఇప్పుడు ఆ పిట్ట గొంతులో తప్ప ఇంకెక్కడా లేదు తల్లీ. కాఫీ హోటల్లో పాటల పందెం ఉంది, రెండ్రోజులు ఇవ్వమని హాజీ పట్టుకెళ్ళాడు. మళ్ళీ ఇస్తేగా! అడిగితే, 'పో, పోలీసులకి చెప్పుకో, పిట్టని పెంచావని నిన్నే పట్టుకెళ్తారు' అన్నాడు."

"అన్యాయమే."

"ఇంకా విను. చీకటి గదిలో పెట్టి, ఫోన్లో వేరే పాటలు వినిపిస్తున్నాడట. మా ఆవిడ పాట మరిపించడానికి! నాకు కడుపు మండిపోయింది."

"కడుపు మండిందంటే నమ్ముతాను. గోడెక్కానంటే నమ్మను. ఆ గోడ మీకంటే ఎత్తు. మీకేమో మోకాలి నొప్పి."

"నా మోకాలి సంగతి నీకెవరు చెప్పారు?"

"నడుస్తుంటే కనపడటం లేదూ? పోలీసులు కూడా మీ మాటకి నవ్వారట. ఐదో అంతస్తు ఎక్కలేక మీ ఇల్లైనా వెతకలేదు."

"వాళ్ళు కుర్రాళ్ళు, ఎక్కలేరు. లిఫ్టు చెడిపోయి పదేళ్ళయింది. నేను రోజుకి మూడుసార్లు ఎక్కుతాను."

"గొప్పలకేం గానీ, ఒక పని చేద్దాం. జరిగింది చివర్నుంచి మొదటికి చెప్పండి. అల్లిన కథ ముందునుంచి బాగానే వస్తుంది, వెనకనుంచి అడిగితే తడబడుతుంది."

"వెనకనుంచా? సరే. ఇంటికొచ్చాను. అంతకుముందు కోటు కింద పంజరం దాచుకుని బస్సు దిగాను. అంతకుముందు గోడ మీంచి వీధిలోకి దూకాను. మోకాలు పట్టేసింది అప్పుడే. అంతకుముందు నిమ్మచెట్టు పట్టుకుని గోడెక్కాను, ముళ్ళు గీరుకున్నాయి. అంతకుముందు మెట్ల కింద గదిలో కొక్కెం నుంచి పంజరం తీశాను. అంతకుముందు కరెంటు మీటరు పెట్టె మీద కాలు పెట్టి లోపలికి దిగాను. శుక్రవారం, అందరూ నమాజుకి పోయిన వేళ. చాలా?"

"ఒక్కచోట కూడా తడబడలేదే!"

"నిజం కాబట్టి."

"బట్టీ పట్టారు కాబట్టి. నిజం చెప్పేవాళ్ళు ఎక్కడో ఒకచోట మర్చిపోతారు."

"అంటే తడబడితే అబద్ధం, తడబడకపోయినా అబద్ధం. ఏ కాలేజీ తల్లీ మీది?"

"పంజరం ఇప్పుడెక్కడుంది?"

"అదడక్కు."

"ఇదిగో, చూపు తిప్పేశారు! అక్కడే దొరికిపోయారు. బాబాయ్, మీరెందుకిలా చేస్తున్నారో నాకు తెలీదా? మీ మేనల్లుడు రెద్వాన్ హాజీగారింటికి రంగులు వేస్తున్నాడు. అనుమానం మీద వాణ్ణి పట్టుకెళ్ళారు. మర్నాడు పొద్దున్నే మీరొచ్చి నేనే దొంగనన్నారు."

"కుర్రాడు చెయ్యనిదానికి లోపల కూర్చుంటే నాకు ముద్ద దిగుతుందా? వాడు నా చెల్లెలి కొడుకు."

"ఇళ్ళలో చొరబడితే రెండేళ్ళు తప్పదు. మీకు డెబ్బై ఒకటి."

"తెలుసు. నాకేం భయం లేదనుకుంటున్నావా? రాత్రి నిద్రపడితే ఒట్టు. అయినా సరే, రాసుకో. వాణ్ణి వదలండి."

"వదిలేశారు."

"ఎవర్ని?"

"రెద్వాన్‌ని. ఇవాళ పొద్దున. శుక్రవారం ఆ వేళకి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాడట. డాక్టరే వచ్చి చెప్పాడు."

"పూర్తిగా వదిలేశారా? మళ్ళీ పిలవరుగా?"

"పిలవరు. వాడి పేరే కొట్టేశారు. వాడి కోసం మీరింక జైలుకి పోనక్కర్లేదు."

"పన్ను నొప్పని నాతో ఒక్క మాటైనా అనలేదు వెధవ... కొంచెం మంచినీళ్ళిస్తావా తల్లీ?"

"తాగండి. నెమ్మదిగా."

"ఇంతకీ మనం ఎక్కడున్నాం?"

"పంజరం దగ్గర. ఆ... దాని మీద కప్పిన నీలం గుడ్డ ఉంది కదా, దాన్నేం చేశారు?"

"నీలం గుడ్డా?"

"నీలం గుడ్డే."

"ఆఁ, నీలం గుడ్డ! అంచుకి కుట్టుపని కూడా ఉంది. జేబులో పెట్టుకున్నాను."

"లోపలికి ఎలా వెళ్ళానన్నారు?"

"తలుపు తోసుకుని."

"ఇందాక గోడ అన్నారు!"

"గోడలోనే కదమ్మా తలుపుండేది?"

"కుక్క మొరగలేదా?"

"మొరక్కేం! పీక తెగేలా మొరిగింది. ఇంత రొట్టెముక్క పడేశాను."

"హాజీగారింట్లో కుక్కే లేదు. పంజరం మీద ఏ గుడ్డా లేదు. నీలం గుడ్డ నేను కల్పించాను!"

"అయ్యో."

"చూశారా? మేనల్లుడు బయటపడ్డాడని తెలియగానే కథ ఎలా ఊడిపోయిందో! ఇందాకటిదాకా బట్టీ పట్టింది అప్పజెప్పారు. వాడి మీద బెంగ తీరేసరికి అంతా మర్చిపోయారు. నేను చెప్పిందల్లా అవునన్నారు. నా చదువంతా దీని మీదే బాబాయ్."

"పెద్ద చదువే. నా పరువు తీశావు."

"పరువేం పోలేదు. మేనల్లుడి మీద ప్రేమతో చెయ్యని నేరం నెత్తిన వేసుకున్నారని రాస్తున్నాను."

"అబద్ధం చెప్పినందుకు నా మీద కేసు పెట్టరుగా?"

"నేను చూసుకుంటాను. సాలెహ్! ఈ కాగితం జడ్జిగారికి ఇప్పుడే ఇచ్చిరా. ఈలోగా టీ తాగుదాం బాబాయ్."

పుదీనా టీ గ్లాసులు అడుగంటే వేళకి గుమాస్తా సాలెహ్ తిరిగొచ్చాడు.

"సంతకం అయింది మేడమ్. కేసు మూసెయ్యమన్నారు. ముసలాయన్ని ఇంటికి పొమ్మన్నారు. పోలీసుల్ని కాస్త చివాట్లు పెట్టారు కూడా."

"విన్నారా బాబాయ్? ఇంక మీరు చౌక్‌లో నిలబడి నేనే దొంగనని అరిచినా ఒక్కడు నమ్మడు."

"హాజీ ఊరుకుంటాడా?"

"ఊరుకోక! గట్టిగా మాట్లాడితే పంజరంలో ఏముందని అడుగుతారు."

"నువ్వు చల్లగా ఉండాలి తల్లీ. ఒక్క మాట చెప్పనా, ఏమనుకోవుగా?"

"చెప్పండి."

"నీలం గుడ్డ అన్నప్పుడు పెన్ను మూత రెండుసార్లు తీసి పెట్టావు. అంతకుముందు గంటసేపు దాన్ని ముట్టుకోలేదు."

"అయితే?"

"నలభై ఏళ్ళు అద్దంలో మనుషుల మొహాలు చూసినవాణ్ణి. లేనిది ఉందని చెప్పేవాడికి చేతులు ఊరుకోవు. మొహం నీకు బాగానే నిలబడింది, చేతులే ఇంకా నేర్చుకోవాలి."

"ఆగండి బాబాయ్... అంటే గుడ్డ లేదని మీకు ముందే..."

"నా కోటిలా అందివ్వు తల్లీ, బస్సు వెళ్ళిపోతుంది. శుక్రవారం మా ఇంట్లో కుస్కుస్ భోజనం, తప్పకుండా రా. మధ్యాహ్నం దాటాక రా కానీ, పొద్దున్నే వద్దు. పొద్దున్న ఆ పిట్ట పాట ఎత్తుకుందంటే మన మాట మనకే వినపడదు."