ఉత్తి చేత్తో తీసిన ట్రే

నంద్యాలలో బడిపంతులమ్మగా చేసే మనవరాలు సోమవారం తిరిగి ఉద్యోగంలో చేరాలి. ఆమె పసిపాపను చూసుకోవడానికి ఆళ్లగడ్డ నుంచి అవ్వ వచ్చి ఉంది. ఆదివారం ఇద్దరూ వంటింట్లో ఉన్నారు.

“చేపముక్కలకు గుడ్డుసొన, బ్రెడ్డుపొడి అద్ది ఈ ఓవెన్ పెట్టెలో పెడితే కరకరలాడతాయా? మీ తాత ఉండింటే నవ్వి సచ్చేటోడు.”

“పైన రవ్వంత నూనె రాసినాలే అవ్వా. చూడు, ఎర్రగా వచ్చినాయి. ఉండు, గుడ్డ తెస్తా.”

“గుడ్డెందుకే? ఇదో, ట్రే బయటికి తీసేసినా.”

“అయ్యో! ఉత్తి చేత్తో పట్టుకుంటివే! కింద పెట్టు!”

“ఎందుకట్ల అరుస్తాండావ్? ఏం కాలలేదు.”

“చెయ్యి చూపీ. బొబ్బలొస్తాండాయి గదా! మంట తెలీలేదా నీకు?”

“షుగరొచ్చినాక వేళ్లు మొద్దుబారినాయి తల్లీ. మీ నాయనకు చెప్పొద్దు. పాప దగ్గర ఉండనీడు నన్ను.”

“అవ్వా, పాపకు నీళ్లు ఎట్ల పోస్తాండావ్?”

“ఎట్లేందీ? మీ నాయనకు పోసినట్లే, నీకు పోసినట్లే. చెయ్యి ముంచి, వేడి చూసుకోని.”

“ఈ చెయ్యేనా?”

అవ్వ ఆ చేతిని కొంగు చాటుకు తీసుకుంది.

“నిన్న పాప వీపంతా ఎర్రగా కందింటే, చెమటకాయలంటివి.”

“చెమటకాయలే అనుకుంటినమ్మా. దేవుని తోడు.”

“లోపల లేచినట్టుంది, ఏడుస్తాంది. నువ్వు చెయ్యి కొళాయి కింద పెట్టుకో. నేను పోతా.”

“పో తల్లీ. రేపు మాత్రం పాపను నాకు ఇడ్సిపెట్టి పోవద్దు.”