రేడియో బావ ఉపన్యాసం

ఏమిటే, పొద్దున్నించీ అద్దం ముందు నిలబడి ఆ గొణుగుడు? ఓ, రేపు మీ ఆఫీసులో పెద్దవాళ్ళ ముందు మాట్లాడాలా. మరి ఆ ఫోన్లో గడియారం దేనికి? ఎన్ని నిమిషాలు పడుతుందో చూస్తున్నావా? సరిపోయింది, అచ్చం ఈ అమ్మమ్మ బుద్ధే వచ్చింది నీకు. నిన్నిలా చూస్తుంటే మా బావ కళ్ళముందు ఆడుతున్నాడు. అదేనే, మా అక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. కూర్చోమంటావా? కూర్చుంటే నాకు కాళ్ళు ఊరుకోవే. ఇరవై రెండేళ్ళు మగ్గాల మధ్య తిరిగిన కాళ్ళు. నువ్వు అలా కూర్చుని విను, నేను తిరుగుతూ చెప్తా.

మా మిల్లు షెడ్డులో నూట అరవై మగ్గాలుండేవి. అన్నీ ఒక్కసారి ఆడాయంటే పక్కనున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడేది కాదు. అందుకే ఎవరూ అరిచేవాళ్ళు కాదు. గొంతు తీయకుండా, నోరు మాత్రం బాగా తెరిచి, చేతులు తిప్పుతూ మాట్లాడేవాళ్ళం. ఎదుటివాళ్ళు పెదాలు చూసి పట్టుకోవాలి. అది నేర్చుకోడానికి నాకు ఆరు వారాలు పట్టింది, లెక్కేసుకున్నా. మా బావ అందులో మొనగాడు. ఈ చివర నిలబడి సూపర్‌వైజరు నడక నడిచి చూపించి ఒక జోకు వేశాడంటే, నలభై గజాల అవతల ఆడవాళ్ళు పొట్టలు పట్టుకునేవాళ్ళు. అందుకే రేడియో అని పేరు. గేటు దాటాడా, ఇంక నోట్లోంచి మాట ఊడిపడదు. మా అక్క తిట్టేది, "షెడ్డులో అందర్నీ నవ్విస్తాడు, ఇంట్లో మాత్రం ఉప్పు కావాలన్నా వేలు చూపిస్తాడు" అని.

ఏం చెప్తున్నా? ఆఁ, అసలు గొడవంతా ఒక తలుపు గురించి. షెడ్డుకి రెండు తలుపులు. వెనక తలుపు మా అక్క మగ్గం పక్కనే. బట్ట దొంగతనంగా బయటికి పోతోందని మేనేజరు దానికి తాళం వేయించి తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. ఒకరోజు మధ్య వరసలో మోటారు కింద దూది నుసికి నిప్పంటుకుంది. బకెట్లతో ఆర్పేశారు, ఆరు నిమిషాల పని. కానీ ఆ ఆరు నిమిషాలూ మా అక్క పొగకి అవతల ఉండిపోయింది. వెనక తలుపు బాదింది, బాదింది... మగ్గాలింకా ఆడుతూనే ఉన్నాయి, ఎవరికి వినపడుతుంది? బయటికొచ్చాక చూస్తే వేళ్ళ కణుపుల మీద తోలు లేదు. నేను తర్వాత అడుగులు వేసి కొలిచా. దాని మగ్గం నుంచి ముందు తలుపుకి నూట పన్నెండు. వెనక తలుపుకి నాలుగు.

ఏడాదికోసారి క్యాంటీన్ హాల్లో మీటింగుండేది. పనివాళ్ళ తరఫున ఒక్కరు, పది నిమిషాలు. "తలుపు సంగతి రేడియోనే మాట్లాడాలి, వాడికంటే మాటకారి ఎవడు?" అన్నారు అందరూ. గొంతుతో వాడు మాట్లాడగా ఒక్కరూ వినలేదని ఒక్కరికీ తట్టలేదు! నాకు తట్టింది. అయినా నేనుండగా భయమేమిటనుకున్నా. తొమ్మిది వందల మాటలు రాసిచ్చా. పందొమ్మిది రోజులు మా వంటింట్లో నిలబెట్టి తోమా. "బావా, ఇక్కడ ఆగు. ఇక్కడ చెయ్యెత్తు. ఈ పేజీకి రెండు నిమిషాలే." పాపం, చెమటలు కక్కేవాడు. ఒకరోజు, "మరదలా, ఈ లెక్కల్లో నా పెళ్ళాం ఎక్కడుంది?" అన్నాడు. "మూడో పేజీలో ఉంది, అక్కడిదాకా తొందరగా చదువు" అన్నా. నవ్వకు, నిజంగానే అన్నా.

మీటింగు రోజు లేచాడు. మేనేజరు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. బావ కాగితం మడిచి జేబులో పెట్టేశాడు. చివరి వరసలో కూర్చున్న అక్క వైపు చూశాడు. నోరు తెరిచాడు, చేతులెత్తాడు, మొదలుపెట్టాడు. గొంతు లేదే! షెడ్డులో లాగే, వట్టి నోటితో. వాడికి తెలియను కూడా తెలియలేదు, తన మాట తనకి వినపడకపోవడం రోజూ ఉన్నదేగా. పొగలోంచి అక్క పెదాలు ఎలా కనిపించాయో చెప్పాడు, "తలుపు తియ్యండి, తలుపు తియ్యండి" అని. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మేనేజరేమో పక్కనున్న గుమాస్తాతో, "ఏమయ్యా, ఇతనికి ఒంట్లో బాగాలేదా? కూర్చోబెట్టండి" అన్నాడు.

అప్పుడు ఊడ్చే ఆవిడ లేచింది. "ఆయనకేం, బాగానే ఉన్నాడు. మీకే వినపడలేదు. నేను చెప్తా. నా పెళ్ళాం తలుపుకి నాలుగడుగుల దూరంలో చావబోయింది అన్నాడు." ఆవిడ కూర్చుంటే నూలు చుట్టేవాడు లేచాడు. తర్వాత ఇంకొకరు. ఒక్కొక్కరు ఒక్కో మాట. మేనేజరు తల ఇటు తిప్పుతాడు, అటు తిప్పుతాడు. చివరికి, "అంతేనా? ఆఖర్న ఏదో అన్నాడే, అదేమిటి?" అన్నాడు. ఎవరూ లేవలేదు. మా అక్క లేచింది. "నాకు కనిపించింది, నేను తియ్యలేకపోయాను అన్నాడండీ" అంది. మేనేజరు చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి బల్ల మీద పెట్టిన చప్పుడు చివరి వరసదాకా వినపడింది.

నేనా? నేనేం చెప్పానని అడుగుతున్నావా? ఆ తొమ్మిది వందల మాటలూ నాకు కంఠతా వచ్చు. మేనేజరు కూర్చోబెట్టండి అన్నప్పుడు లేవాల్సింది ముందు నేను. లేవలేదే. చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నా. బావ మాట్లాడింది నాలుగు నిమిషాల పది సెకన్లు. ఇప్పటికీ... సరేలే.

నువ్వు రాసుకున్న ఆ కాగితం ఇటివ్వు. ఫోను కూడా. వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడు. గొంతు తియ్యకు, వట్టి నోటితో చెప్పు. నాకు ఇక్కడికి అందాలి. ఊఁ, కానీ. ఊఁ... ఊఁ... ఆగాగు. ఆ మాట అందలేదు. దాని మీద నీకే నమ్మకం లేదు. మళ్ళీ.