మురోయ్ ప్రభువు రెండో చావు

(శత్రువులు చుట్టుముట్టిన కోటలో ఓ లోపలి గది. ప్రభువు పట్టుబట్టల్లో పీపాలు చేసుకునే తొకుజి. ఎదురుగా ముసలి మంత్రి హ్యోబు. తలుపు బయట కాపలావాడు.)

“ఎడమ నుంచి కుడికి. తొందరపడకుండా కొయ్యాలి.”

“ఎవరి పొట్ట, దొరా?”

“నీదే. ప్రభువు పొట్టంటే ఇప్పుడు నీదేగా.”

“నేను పీపాలు చేసుకునేవాణ్ణి.”

“అది మొన్నటి వసంతం దాకా. అప్పట్నుంచీ ప్రభువు అన్నం తిన్నావు, ప్రభువు పరుపు మీద పడుకున్నావు. కోట వాకిట్లో దిగిన వాళ్ల రాయబారి ఎదుట రేపు ప్రభువు పొట్ట కోసుకుంటే కోటలో అందర్నీ వదిలేస్తామంటున్నారు వాళ్లు. నీ పెళ్లాం పిల్లలూ లోపలే ఉన్నారు కదా.”

“ఉన్నారు. చెట్టు బెరడు ఉడకేసుకు తింటున్నారు.”

“మరి?”

“మరేం లేదు. వాళ్లకి కావాల్సింది ప్రభువు చావే కదా?”

“అదే.”

“ప్రభువు జ్వరమొచ్చి పోనే పోయాడు కదా? ఆయన్ని కూర్చోబెట్టి పూడ్చిన పీపా నేనే చేశాను. అది తెచ్చిననాడే కదా నా మొహం చూసి మీరు తలుపేసేశారు.”

“అచ్చు ఆయన మొహమే. నేనేం చెయ్యను?”

“అయితే పోయాడని చెప్పేద్దాం. తవ్వి చూపిద్దాం. పీపా గట్టిది, చెక్కు చెదరదు.”

“అలా చెప్పకూడదు.”

“ఎందుకు?”

“వంశం పరువు.”

“బెరడు తినే వంశానికి పరువేంటి దొరా?”

“నోరుముయ్. చెప్పకూడదంటే చెప్పకూడదు.”

“ఎందుకూ అని.”

“చెబితే... ఎప్పుడు పోయాడని అడుగుతారు.”

“అడగనీండి.”

“ఆయన వెంట పోతానని ఒట్టేసినవాడు ఇంకా ఎందుకున్నాడని అడుగుతారు. ప్రభువు పోయిన రోజే వాడూ పొట్ట కోసుకోవాలి కదా.”

“ఎవరేశారు ఒట్టు?”

“ఆ పూట సాకే సారా కాస్త ఎక్కువ తాగాం.”

“ఎవరేశారు దొరా?”

“అందరి ముందూ వేశాను. అందరూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు కూడా.”

“ఓహో. మీరు చావకుండా ఉండటానికి నన్ను ప్రభువుని చేశారన్నమాట.”

“భయమేసింది తొకుజీ. కత్తి తీశాను. చెయ్యి కదల్లేదు.”

“రేపు నేను పోయినా మీరు వెంట రావాల్సిందేగా?”

“అక్కడికే వస్తున్నా. నన్ను రావద్దని ప్రభువే స్వయంగా ఆజ్ఞాపిస్తే ఒట్టు పోతుంది. ఆ కాపలావాణ్ణి పిలిచి, ‘హ్యోబు నా వెంట రాకూడదు’ అని ఒక్క ముక్క చెప్పు బాబూ. నీ పిల్లల్ని నా పిల్లల్లా చూసుకుంటాను.”

“నేను చెబితే వింటాడా?”

“ప్రభువు మాట. ఏం చెప్పినా చేస్తాడు, ఎదురు చెప్పడు.”

“ఏం చెప్పినా?”

“ఏం చెప్పినా.”

“ఎవర్రా బయట?”

“చిత్తం ప్రభూ!”

“పరుగున వెళ్లి రాయబారితో చెప్పు. నేను వసంతంలోనే జ్వరమొచ్చి పోయాను. కావాలంటే గొయ్యి తవ్వి చూసుకోమను.”

“తొకుజీ!”

“చిత్తం ప్రభూ. తమరు ఏ రోజున పోయారని చెప్పమంటారు?”